ముడిని పారేయకండి

46 ఏళ్లు తలుపులు, కిటికీలు, మంచాలు, అల్మారాలు చేశాను. 62వ ఏట పని మానేశాను. ఇప్పుడు నాకు 69. ఈ ఏడేళ్లుగా చెక్క ముక్కల్ని కోసి, అతికించి గోడకు తగిలించుకునే బొమ్మలు చేస్తున్నాను. కిందటి సంచికలో నేను చేసిన కొంగ బొమ్మ ఫొటో వేశాక చాలామంది ఉత్తరాలు రాశారు. ఒకే ప్రశ్నను పదిమంది పది రకాలుగా అడిగారు కాబట్టి వాటిని కలిపి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. అడిగినవారి పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మేస్త్రిగారూ, నేను 38 ఏళ్లు ఫర్నిచర్ పని చేసి ఈ మధ్యే మానేశాను. కొలత పెట్టి కోయడం, బిగించడం తప్ప నాకు కళ తెలీదు. బొమ్మ గీయడం అసలే రాదు. మీకు ఇది ఎలా మొదలైంది? నాలాంటివాడు చేయగలడా?

‘కళ తెలీదు’ అన్న మీ మాట దగ్గర ఆగిపోయాను. పని మానేసిన కొత్తలో నేనూ అచ్చం అదే మాట అనేవాణ్ణి.

మొదటి మూడు నెలలు ఇంట్లో కిర్రుమనే తలుపుల్ని, బిగుసుకుపోయిన సొరుగుల్ని, ఊగే కుర్చీల్ని బాగుచేశాను. నాలుగో నెలకి బాగుచేయడానికి ఏమీ మిగల్లేదు. తెల్లవారుజామున అలవాటు ప్రకారం మెలకువ వచ్చేది. లేచి ఏం చేయాలో తెలిసేది కాదు. చేతులు ఖాళీగా ఉంటే ఎంత బరువుగా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

అలాంటి ఒకరోజు షెడ్డు శుభ్రం చేస్తుంటే మూలన ఒక బస్తా కనిపించింది. ఏళ్ల తరబడి కోసి పక్కన పడేసిన ముక్కలన్నీ అందులో ఉన్నాయి. పారబోద్దామని వంచితే అరచేతి వెడల్పున్న టేకు ముక్క ఒకటి కాళ్ల దగ్గర పడింది. మధ్యలో ముడి. ఏ తలుపు పలకలోంచో నేనే కోసి తీసేసి ఉంటాను. ముడి ఉన్న చెక్కని తలుపుకి వాడం కదా. ముడి చుట్టూ నార మెలి తిరుగుతుంది, చిత్రిక పడితే పెళ్లలు లేస్తాయి, కొన్ని ముడులైతే ఎండాక ఊడి బెజ్జం పడుతుంది.

దుమ్ము పోతుందని దాన్ని తడిగుడ్డతో తుడిచాను. ముడి మధ్యలో నల్లటి చుక్క తేలింది, దాని చుట్టూ ఎర్రటి ఉంగరం. ఏట్లో నీళ్లు రాయిని చుట్టుకుని పారినట్టు, చెక్క గీతలన్నీ ముడి దాకా వచ్చి రెండుగా చీలి, దాటాక మళ్లీ కలిశాయి. తడి ఆరేదాకా చూస్తూ నిలబడ్డాను. ఆరగానే మళ్లీ మామూలు ముక్క అయిపోయింది. మళ్లీ తడిపాను. అలా ఎన్నిసార్లు తడిపానో గుర్తులేదు.

ముడి అంటే కొమ్మ మొదలు. కొమ్మ పుట్టాక ఏటేటా మాను లావెక్కుతూ ఆ మొదలుని తనలో కలుపుకుంటుంది. అందుకే అక్కడ నార దారి తప్పుతుంది. ఈ సంగతి పనిలో చేరిన మొదటి ఏడాదే తెలుసు నాకు. కానీ నాకు తెలిసిందల్లా ముడిని తప్పించి ఎలా కోయాలన్నదే. దాన్ని చూడటానికి అన్నేళ్లలో ఒక్క నిమిషం కూడా ఇవ్వలేదు. గిరాకీకి కావలసింది సాఫుగా, ఒకే రంగులో ఉన్న పలక. ముడి, మచ్చ, తెల్లచెక్క (బెరడు పక్కనుండే లేత చెక్క), మెలిక, ఏది కనిపించినా కోసి పక్కన పడేయడమే నా పనితనం. ఇప్పుడు ఏ కలప డిపోకి వెళ్లినా ముందు వాటినే వెతుకుతాను.

ఆ ముడి నాకు పక్షి కన్నులా కనిపించింది. కొంగ చేయాలనుకున్నాను. తలకి ఆ ముక్క, రెక్కలకి టేకు తెల్లచెక్క, ముక్కుకి పనస. పనస చెక్క పచ్చగా ఉంటుందిగా, సరిపోయింది. మూడు వారాలు కూర్చుని చేశాను. తీరా గోడకి ఆనించి చూస్తే ఏదో తేడాగా ఉంది. నా భార్య వచ్చి కాసేపు చూసి, “ఈకలు కొలిచి పెట్టినట్టున్నాయండీ” అంది. నిజమే. రెక్కలో 14 ఈకలు పెట్టాను. పధ్నాలుగూ ఒకే పొడవు, ఒకే వెడల్పు, ఒకే దూరం. జీవితమంతా కిటికీ ఊచల్ని అలాగే పెట్టాను మరి. నా చెయ్యి నన్నడక్కుండానే కొలిచేసింది.

రెక్కను ఊడదీసి పక్కన పెట్టి, ఒక వారంపాటు పక్షుల్ని చూశాను, అంతే. ఏ రెండు ఈకలూ ఒక్కలా ఉండవు. ఒకదాని అంచు ఇంకోదాని కిందకి దూరుతుంది, భుజం దగ్గర పొట్టిగా, చివర పొడుగ్గా ఉంటాయి. రెండోసారి స్కేలు ముట్టుకోకుండా పెన్సిల్‌తో చేతికి వచ్చినట్టు గీసి కోశాను. మీరు ఫొటోలో చూసింది ఆ రెండో రెక్కనే.

అందుకని మీ ప్రశ్నకి నా జవాబు: చేయగలరు. నిజానికి ఈ పనిలో కష్టమైన భాగం మీకు ఇప్పటికే వచ్చు. ఉలికి పదును పెట్టడం వచ్చు, నార ఎటు వాలి ఉందో చూసి ఎదురు తిరగకుండా కోయడం వచ్చు, రెండు ముక్కల మధ్య వెలుతురు దూరకుండా అతికించడం వచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇవి రావడానికే ఏళ్లు పడుతుంది. గీయడం రాకపోయినా ఫరవాలేదు. ఒక రావి ఆకుని కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్ తిప్పండి, అదే మీ మొదటి బొమ్మ. ఈనెకి ఇటు ఒక చెక్క, అటు ఒక చెక్క, మధ్యలో ఈనెకి సన్నటి నల్ల బద్ద. మూడే ముక్కలు. తర్వాత ఫొటోల మీద ట్రేసింగ్ కాగితం పెట్టి గీసుకోవచ్చు. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను, అందులో చిన్నతనమేమీ లేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకోండి. గీతను చెక్క మీద దించేముందు ప్రతి ముక్కకీ బాణం గుర్తు వేయండి, నార ఎటు పోవాలో. ఆకులో నార ఈనె నుంచి అంచుకి ఏటవాలుగా పోవాలి, నీళ్లలో అడ్డంగా పోవాలి, మెడలో మెడ వంపుతోపాటు పోవాలి. నార సరైన దిక్కున ఉంటే మామూలు కోత కూడా బొమ్మలా కనిపిస్తుంది. అది తప్పితే ఎంత నునుపుగా చేసినా కాగితం ముక్కలు అతికించినట్టే ఉంటుంది.

ప్రశ్న: నేను టీచరుగా రిటైరై రెండేళ్లయింది. అడుగు వెడల్పున్న టేకు పలక మీద తామరపువ్వు చెక్కాను. వంగిపోకుండా వెనక అడ్డంగా రెండు బద్దలు జిగురుతో గట్టిగా అతికించాను. నాలుగు నెలలకి పలక నిలువునా చీలిపోయింది. చెక్క మంచిదేనంటున్నారు. నా తప్పెక్కడ మేస్త్రిగారూ?

చెక్క మంచిదే అయ్యుంటుందమ్మా. మీ చెక్కుడులో కూడా తప్పు లేదు. చీల్చింది ఆ బద్దలు.

చెక్క కోసి ఎండబెట్టాక కూడా ఊరుకోదు. గాల్లో తేమ పెరిగితే పీల్చుకుని ఉబ్బుతుంది, తగ్గితే వదిలేసి ముడుచుకుంటుంది. పాలిష్ వేస్తే ఆ పని నెమ్మదిస్తుంది, ఆగదు. అసలు కిటుకు ఏంటంటే, అన్ని వైపులా ఒకేలా ముడుచుకోదు. నార పొడవునా దాదాపు కదలదు. అడ్డంగా కదులుతుంది. అడ్డంలో కూడా, మాను వలయాల వెంట ఎంత ముడుచుకుంటుందో, మాను మధ్య నుంచి బెరడు వైపుకి దాంట్లో సుమారు సగమే. టేకు కదలిక తక్కువున్న చెక్క అని పేరు. అలాంటిదే పచ్చి నుంచి పూర్తిగా ఎండేలోపు వలయాల వెంట 6 శాతానికి కాస్త తక్కువగా, రెండో వైపు 2.5 శాతం ముడుచుకుంటుంది.

మీ పలకకే లెక్క వేద్దాం. అడుగు అంటే సుమారు 300 మిల్లీమీటర్లు. వానాకాలంలో చెక్కలో 14 శాతం తేమ ఉందనుకోండి, ఎండల్లో 8 శాతానికి దిగిందనుకోండి. మీది వలయాల వెంట కోసిన పలక అయితే, అడ్డంగా 3 మిల్లీమీటర్ల పైనే చిన్నదవ్వాలి. కానీ వెనక ఉన్న బద్దల నార అడ్డంగా ఉంది కదా, వాటి పొడవు కదలదు. అవి పలకని కదలనివ్వవు. పలకకి వేరే దారి లేక బలహీనంగా ఉన్న చోట విడిపోయింది.

పలక తలుపులు చేసేటప్పుడు మేం చట్రంలో గాడి పెట్టి పలకని అందులో వదులుగా కూర్చోబెడతాం, జిగురు పెట్టం. ఎందుకంటే ఇందుకే. ఇంత తెలిసి కూడా నేను నా మొదటి పెద్ద నెమలి పలకని ఇలాగే బద్దలతో అతికించి చీల్చుకున్నాను. ఇది బొమ్మ, తలుపు కాదు అనుకున్నాను. చెక్కకి ఆ తేడా తెలీదు.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. ముందు బద్దల్ని నెమ్మదిగా తీసేయండి. తీశాక చీలిక తనంతట తాను దగ్గరపడితే సన్నటి సూదితో జిగురు ఎక్కించి క్లాంపు బిగించి ఒక రోజు వదిలేయండి. దగ్గరపడకపోతే బలవంతంగా బిగించకండి, మళ్లీ ఇంకోచోట చీలుతుంది. అదే చెక్కలోంచి సన్నటి పేడు తీసి, నార కలిసేలా చీలికలో దించి అతికించండి. రంపపు పొట్టు, జిగురు కలిపి పూడ్చడం మాత్రం వద్దు. అప్పటికి బాగానే కనిపిస్తుంది, ఏడాదికి నల్లటి గీతలా తేలుతుంది. తర్వాత బద్దలు మళ్లీ పెట్టాలంటే జిగురు లేకుండా స్క్రూలతో పెట్టండి. మధ్య స్క్రూకి గుండ్రటి బెజ్జం, చివరి స్క్రూలకి బద్దలో కోలగా, పలక అడ్డం వైపుకి బెజ్జాలు. స్క్రూ ఆ కోల బెజ్జంలో జరుగుతుంది, పలక దానిష్టం వచ్చినట్టు పీల్చుకుంటుంది, వదులుతుంది.

చిన్న చిన్న ముక్కలు కలిపి ప్లైవుడ్ మీద అతికించే బొమ్మల్లో ఈ బాధ చాలా తక్కువ. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి అది పెద్దగా కదలదు. పైనున్న ముక్కలు వెడల్పు తక్కువ కాబట్టి ఒక్కోటీ కదిలేది వెంట్రుకవాసి.

ప్రశ్న: మీ కొంగ బొమ్మలో తెలుపు, పసుపు, ఎరుపు, నలుపు అన్నీ ఉన్నాయి. ఇవన్నీ చెక్క రంగులేనా, లేక రంగు వేస్తారా? పదేళ్లకి కూడా అలాగే ఉంటాయా?

రంగు వేయలేదు. తెలుపు టేకు తెల్లచెక్క, పసుపు పనస, గోధుమ రంగు టేకు చేవ, ఊదా కలిసిన నలుపు రోజ్‌వుడ్, ఎరుపు పడౌక్ అనే ఎర్రటి చెక్క.

ఈ పద్ధతి చాలా పాతది. ఇటలీలో 15వ శతాబ్దంలో దీన్ని ఇంటార్సియా అనేవారు. గుబ్బియో అనే ఊళ్లో అక్కడి పాలకుడు డ్యూక్ ఫెదెరికో కోసం 1478, 1482 మధ్య ఒక చిన్న గది గోడలన్నీ ఇలా చెక్క ముక్కలతో చేశారు. అది ఇప్పుడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. నేను నేరుగా చూడలేదు, మా మనవరాలు కంప్యూటర్‌లో పెద్దది చేసి చూపించింది. జాలీ తలుపుల అల్మారాలు సగం తెరుచుకుని ఉన్నట్టు, లోపల పుస్తకాలు, వాద్యాలు ఉన్నట్టు కనిపిస్తుంది. తీరా చూస్తే గోడ చదునే. వాల్‌నట్, ఓక్, బీచ్, పండ్ల చెట్ల చెక్కలు, ఇవే వాళ్ల రంగులు. ఒక అల్మారా తలుపు నీడ వెనక గోడ మీద పడినట్టు పెట్టారు. ఆ నీడ కూడా చెక్కే. తలుపులు చేస్తూ బతికినవాణ్ణి కదా, దాని ముందు కూర్చుని ఆ పూట లేవలేకపోయాను.

ఆకుపచ్చ ఎలా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. పుచ్చిన చెక్క మీద పెరిగే ఒకరకం బూజు చెక్కని నీలం కలిసిన ఆకుపచ్చగా మారుస్తుంది. పాతకాలం ఇంటార్సియా పనివాళ్లు ఆ చెక్కని వెతికి తెచ్చుకుని ఆకులకీ, ఈకలకీ వాడేవారు. బూజు పట్టింది కదా అని మనం పారేసేదే, వాళ్లకి వేరే చెక్కలో దొరకని రంగు.

నీడలకి నేను వేడి ఇసుక వాడతాను. పాత పెనంలో రెండు అంగుళాల ఎత్తు సన్న ఇసుక పోసి బాగా వేడెక్కనిస్తాను. వెనీర్ (పల్చటి చెక్క పొర) ముక్కని పట్టకారుతో పట్టుకుని అంచు మాత్రం ఇసుకలో దించుతాను. అడుగున ఇసుక ఎక్కువ వేడి, పైన తక్కువ. అందుకే అంచు ముదురుగా, పైకి వచ్చేకొద్దీ లేతగా మాడుతుంది. బ్రష్‌తో వేసినా రాని నీడ అది. కొన్ని సెకన్లే ఉంచాలి. ఒక సెకను ఎక్కువైతే బొగ్గు. ముందు వృథా ముక్కల మీద లెక్క పెట్టుకుంటూ చేయండి: ఐదుకి ఎంత, ఎనిమిదికి ఎంత, పదికి ఎంత. ఆ ముక్కల వెనక అంకెలు రాసి దగ్గర పెట్టుకోండి. నా గోడకి అలాంటివి ఒక వరస వేలాడుతుంటాయి.

నలుపు కావాలంటే ఇంకో దారి ఉంది. తుప్పు పట్టిన మేకుల్ని, ఇనప పీచుని వినిగర్‌లో కొన్ని రోజులు నానబెట్టి ఆ నీళ్లు పూస్తే, వగరు ఎక్కువున్న చెక్కలు కళ్లముందే నల్లబడతాయి. అది పైపూత కాదు, చెక్కలోని టానిన్ (ఆ వగరు పదార్థం), ఇనుము కలిసి పుట్టిన నలుపు. వగరు లేని చెక్క మీద పనిచేయదు. ఆ సీసా మూత మాత్రం వదులుగా పెట్టండి, లోపల గ్యాసు పుడుతుంది.

పదేళ్ల సంగతి. అలాగే ఉండవు, అబద్ధం చెప్పను. కోసినప్పుడు నిప్పు కణికలా ఉండే పడౌక్ ఎండ తగిలేకొద్దీ గోధుమ రంగులోకి దిగుతుంది. పనస పసుపు ముదిరి ఎర్రబారుతుంది. టేకు కోసినప్పుడు అక్కడక్కడా పచ్చగా, చారలుగా ఉంటుంది, కొన్నాళ్లకి అంతా బంగారు రంగులో కలిసిపోతుంది. ఎండ నేరుగా పడని గోడకి తగిలిస్తే ఈ మార్పు నెమ్మదిస్తుంది. నేనైతే రంగు వల్ల కాకుండా ముదురు, లేత తేడా వల్ల బొమ్మ నిలబడేలా చెక్కలు ఎంచుకుంటాను. ఫోన్‌లో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. అప్పుడు కూడా రెక్క రెక్కలా, మెడ మెడలా విడిగా కనిపిస్తే ఇరవై ఏళ్లకి కూడా కనిపిస్తుంది.

అతికించేముందు ఒక మాట. టేకు, రోజ్‌వుడ్‌లలో నూనె ఉంటుంది, జిగురు పట్టనివ్వదు. అసిటోన్ తడిపిన గుడ్డతో తుడిచి, ఆరిన వెంటనే అతికించండి.

ప్రశ్న: ముందు మిషన్లు కొనాలా? చేత్తో చేయొచ్చా? చెక్కడం నేర్చుకోవడానికి ఏ చెక్క మంచిది?

మిషన్లేవీ కొనకండి, చేత్తో చేయొచ్చు. ఇవి చాలు: ఫ్రెట్ సా (సన్నటి బ్లేడు బిగించిన చేతి రంపం) ఒకటి, సన్నటి బ్లేడ్లు ఒక కట్ట, రెండు మూడు వంపు ఉలులు, మంచి సానరాయి. బల్ల అంచుకి వి ఆకారంలో గంటు ఉన్న చెక్కని బిగించి, దాని మీద ముక్క పెట్టి కోయాలి. బ్లేడు పళ్లు కిందకి ఉండాలి, లాగినప్పుడు కోయాలి. ఆర్నెల్లు చేశాక కూడా ఇష్టం పోకపోతే అప్పుడు స్క్రోల్ సా మిషన్ (ఇదే పని కరెంటుతో చేసే రంపం) తీసుకోండి. నేను రెండో ఏడు తీసుకున్నాను.

చెక్కడానికి టేకుతో మొదలుపెట్టొద్దు. టేకులో సిలికా ఉంటుంది, అంటే సన్నటి ఇసుకలాంటిది. ఉలి పదును ఇట్టే పోతుంది. కొత్తవాళ్లు అది తమ చేతి తప్పనుకుంటారు. మెత్తగా, ఒకే రకం నారతో ఉన్న చెక్క ఏది దొరికితే దానితో మొదలుపెట్టండి. ఇంగ్లండ్‌లో గ్రిన్లింగ్ గిబ్బన్స్ అనే శిల్పి 1690 ప్రాంతంలో లైమ్ అనే మెత్తటి చెక్కలో మెడకి కట్టుకునే లేసు గుడ్డని చెక్కాడు. లేసులోని దారాలు, బెజ్జాలు, కుచ్చు మడతలు అన్నీ చెక్కే. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఆ చెక్క అంత సన్నని పనిని నిలబెట్టింది కాబట్టే అది సాధ్యమైంది.

సాండ్ పేపర్ 120, 180, 240, 320 నంబర్ల వరసలో వెళ్లండి, నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. మధ్యలో ఒకటి వదిలేస్తే దానికి ముందు కాగితం గీతలు పాలిష్ పడ్డాకే బయటపడతాయి. దీపాన్ని పక్క నుంచి, చెక్కకి దాదాపు ఆనించినట్టు పెట్టి చూస్తే ముందే కనిపిస్తాయి.

ప్రశ్న: మా మామగారు రోజంతా షెడ్డులో సాండింగ్ చేస్తారు. మాస్కు పెట్టుకోమంటే “యాభై ఏళ్లుగా పీలుస్తున్నాను, ఏమీ కాలేదు” అంటారు. మీరైనా చెప్పండి.

అయ్యా, మీ కోడలు చెప్పింది వినండి. చెక్క ధూళిని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మనుషులకి క్యాన్సర్ తెచ్చే వాటి జాబితాలో పెట్టింది. ముక్కు లోపల వచ్చే క్యాన్సర్. మనం తలుపులు చేసేటప్పుడు రాలేది ఎక్కువగా పెద్ద పొట్టు, పని కూడా ఆరుబయట. ఇప్పుడు చేసేది మూసిన షెడ్డులో 320 నంబరు కాగితంతో. కంటికి కనపడని ధూళి ఇదే, లోతుకి పోయేదీ ఇదే. గుడ్డ చుట్టుకుంటే ఆగదు. ఎన్95 మాస్కు ముక్కు దగ్గర సందు లేకుండా పెట్టుకోండి. ఊడ్చేటప్పుడు కూడా తీయకండి, అప్పుడే ఎక్కువ లేస్తుంది.

ఇంకొకటి, ఇది ఇంటిల్లిపాదికీ సంబంధించింది. అవిసె నూనె పూసిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక గుడ్డ దానంతట అదే అంటుకుంటుంది. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా మూత ఉన్న ఇనప డబ్బాలో నీళ్లలో ముంచి ఉంచండి.

ప్రశ్న: మా నాన్నగారు వడ్రంగి. 71 ఏళ్లు. పని మానేశాక మాట తగ్గిపోయింది, రోజంతా అరుగు మీద కూర్చుంటున్నారు. చెయ్యి కూడా కొద్దిగా వణుకుతోంది. మీ బొమ్మ ఫొటో చూపిస్తే చాలాసేపు చూసి పక్కన పెట్టేశారు. కొత్త పనిముట్లు కొనిస్తే మొదలుపెడతారా మేస్త్రిగారూ?

చాలాసేపు చూశారన్నావు కదా బాబూ, ఆ మాట నాకు చాలా నచ్చింది.

ముందు చెయ్యి సంగతి. వణుకు కొత్తగా వచ్చిందైతే ఒకసారి డాక్టరుకి చూపించండి, వయసేలే అని వదిలేయొద్దు. తర్వాత పని సంగతి. వణికే చేత్తో కూడా చాలా చేయొచ్చు. ముక్కని ఎప్పుడూ చేత్తో పట్టుకోనివ్వకండి, క్లాంపుతో బల్లకి బిగించాలి. అప్పుడు రెండు చేతులూ ఉలి మీదే ఉంటాయి, రెండూ పదును వెనకే ఉంటాయి. ముంజేతులు బల్లకి ఆనించుకుంటే వణుకు సగం తగ్గుతుంది. కోత ఆయనకి కష్టమైతే నువ్వు కొయ్యి. ముక్కలు ఎంచడం, నార దిక్కు చూడటం, అంచులు అరగదీసి కూర్చోబెట్టడం ఆయన చేస్తారు. ఈ పనిలో అసలు విషయం అదే. నాకూ ఇప్పుడు రెండు గంటలు కూర్చుంటే వేళ్లు పట్టేస్తాయి. లేచి నడిచి వచ్చి మళ్లీ కూర్చుంటాను. తొందరేముంది?

కొత్త పనిముట్లు మాత్రం కొనకు. పని మానేసిన మనిషి ముందు మెరిసే ఉలుల పెట్టె పెడితే అది పరీక్షలా ఉంటుంది. మా అబ్బాయి నాకు అలా ఒక సెట్టు తెచ్చాడు, ప్రేమతోనే. ఏడాదిపాటు దాని సీలు విప్పలేదు. నా పాత ఉలి పిడి నా బొటనవేలు ఆనే చోట గుంటపడి ఉంటుంది. ఆ బస్తా దొరికిన రోజు చెయ్యి దాని కోసమే వెతికింది. మీ నాన్నగారి పాత పెట్టె ఎక్కడుందో చూడు. అటక మీద ఉంటే దించు. తుప్పు నువ్వు వదలగొట్టొద్దు, అలాగే ఆయన కళ్లబడే చోట పెట్టు. తుప్పు పట్టిన ఉలిని చూసి ఊరుకునే వడ్రంగిని నేను ఇంతవరకు చూడలేదు.

‘బొమ్మ చెయ్యి నాన్నా’ అని అనకు. చేస్తే బాగుంటుందని కూడా అనకు. ఎక్కడైనా కూల్చిన పాత తలుపో, విరిగిన మంచం కోడో దొరికితే అందులోంచి ముడి ఉన్న ముక్క ఒకటి తీసుకురా. పైన రంగు ఉంటే గీకేసి, తడిగుడ్డతో తుడిచి, ఆ తడి ఆరకముందే ఆయన చేతిలో పెట్టు. ‘ఇది ఏ చెక్క నాన్నా?’ అని అడుగు. అడిగి, పక్కన కూర్చో. ఆయన ఏమన్నారో నాకు రాయి.